అక్షరాల మీద అడుగు

కాలు కాగితానికి తగిలితే వంగి, ముట్టుకుని కళ్లకద్దుకోవడం నాకెవరూ పనిగట్టుకుని నేర్పలేదు. ఇంట్లో అందరూ అద్దుకునేవాళ్లు, నేనూ అద్దుకునేదాన్ని. వేరుశనక్కాయలు కట్టిన పొట్లం కాగితమైనా సరే. హోసూరులో పెరిగిన పిల్లకు తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే వీధిలో కనిపిస్తాయి. మూడింటికీ ఒకే దండం పెట్టేదాన్ని. అలాంటి నేను టీచరునయ్యాక పసిపిల్లల చేత అక్షరాల మీద గంతులు వేయించాను. దాని వల్ల నేను పడ్డ భయం ఇంతా అంతా కాదు.

తొంభైల చివర్లో నాకు తళి దారిలో ఒక ఊళ్లో తెలుగు బడి ఇచ్చారు. హోసూరు నుంచి పొద్దున బస్సు. ఆ ఎగువన చలి ఎక్కువ, పిల్లలు చెవులకు తువ్వాళ్లు చుట్టుకుని వచ్చేవాళ్లు. ఒకటో తరగతి నాది. అ నుంచి ఱ దాకా గోడమీది పటం మొత్తం రాగం తీసి పాడేవాళ్లు. మధ్యలో ఒక అక్షరం మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే మళ్లీ అ దగ్గర మొదలుపెట్టి పాడుకుంటూ అక్కడిదాకా దిగి రావాలి. సగంలో పాట తప్పిందంటే బిక్కముఖమే. నాకు ముందున్న ఆయన బెత్తంతో చెప్పేవారట. నేను బెత్తం ముట్టుకోకపోయినా పిల్లలు నా కళ్లజోడు చూసే బెదిరేవాళ్లు.

ఆ వేసవిలో కృష్ణగిరిలో ట్రైనింగు పెట్టారు. భోజనాలయ్యాక సగంమంది కునుకు తీశారు. నా కుర్చీ ఎండలో ఉంది కాబట్టి నేను వినక తప్పలేదు. చిన్నపిల్లలకు ఆటలోనే చదువు రావాలన్నారు. ఆట ఒక్కటే చాలదు, కొన్ని అక్షరాలు ఎంచుకుని, వాటి శబ్దం, రూపు వరసగా చెప్పి, వాటితో అప్పటికప్పుడే మాటలు కట్టించాలని కూడా అన్నారు. మొదటిది అందరికీ నచ్చింది, రెండోదానికి పని ఎక్కువ. నేను రెండూ కలిపి చూద్దామనుకున్నాను.

బడి తెరిచాక త, ల, ప, వ, క ఈ ఐదింటితో మొదలుపెట్టాను. పొద్దున పాఠం: శబ్దం పలకడం, ఇసకలో వేలితో దిద్దడం, రెండేసి కలిపి తల, వల, కల అనడం, మూడు కలిపి పలక అనడం. పాఠం అయ్యాక వరండాలో సుద్దతో గళ్లు గీసి కుంటాట. తొక్కుడుబిళ్ల అంటే అందరికీ తెలుస్తుంది. గడికో అక్షరం. ఒంటికాలి మీద ఏ గడిలో దిగితే ఆ అక్షరం గట్టిగా పలకాలి, రెండు గళ్లు కలిపి మాట చెప్పాలి. గళ్ల వరస రోజూ మార్చేదాన్ని. పాట పాడుకుంటూ దిగే ఆశ లేకుండా చేశానన్నమాట.

ఆ తరగతిలో ఒక పిల్ల ఉండేది. కోసుగడ్డ, బీన్సు పండించే రైతు కుటుంబం వాళ్లది. రోజూ వాళ్ల అవ్వ, అంటే నాన్నను కన్నతల్లి, చెయ్యి పట్టుకుని తెచ్చి దింపి పోయేది. చేరిన నాటి నుంచి ఆ పిల్ల గొంతు నేను వినలేదు. అటువంటిది ఒకరోజు గడిలోకి దూకి, కాలు పైకెత్తుకుని ఊగుతూ, "వ, ల, వల" అని అరిచింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ రోజు బస్సులో పక్కామెకు కూడా చెప్పుకున్నాను, ఆమె అడక్కపోయినా.

ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. ఒక మధ్యాహ్నం అవ్వ తొందరగా వచ్చి ఆట చూసింది. అరవలేదు, కేకలెయ్యలేదు.

"అక్షరాల మీద కాళ్లు పెట్టిస్తా ఉండావా అమ్మా?" అంది.

అది ఉత్త సుద్దేనని, సాయంత్రం కడిగేస్తామని, ట్రైనింగులో చెప్పారని ఏదో సర్దిచెప్పబోయాను. సరస్వతమ్మకు ట్రైనింగు ఎవరిచ్చినారని అడిగింది. నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. మనవరాలి పాదాలు కొంగుతో తుడిచి తీసుకుపోయింది. తప్పు చేసినావు, కీడు జరుగుతాదని దారి పొడుగునా చెప్పిందని తర్వాత తెలిసింది.

ఆ వారంలోనే పిల్లకు జ్వరం పట్టుకుంది. ఊరి డాక్టరు సూదికి తగ్గలేదు. కూరగాయల టెంపోలో హోసూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. తరగతిలో పిల్లలు దానికి సరస్వతమ్మ జరం అని పేరు కూడా పెట్టేశారు. నీళ్లు మారి వచ్చిన జ్వరమేనని, ఆ వీధిలో ఇంకా కొందరు మంచం పట్టారని నాకు తెలుసు. తెలిసీ ఏం లాభం. సాయంత్రం అందరూ పోయాక, అప్పటికే కడిగిన వరండాను మళ్లీ కడిగాను. ఆ పిల్లకు ఏమైనా అయితే నా చదువూ ట్రైనింగూ నన్ను కాపాడవని, అసలు నన్ను నేనే నమ్మనని అర్థమైంది.

ఆసుపత్రికి పోయాను. నన్ను చూడగానే ఆ పిల్ల రెండు పాదాలూ దుప్పటి లోపలికి లాక్కుంది. అవ్వ తలెత్తలేదు. నేను తెచ్చిన కమలాపండ్లు అక్కడ పెట్టి వచ్చేశాను. దారిలో గుడి కనిపిస్తే దిగి మొక్కుకున్నాను. నవ్వేవాళ్లు నవ్వవచ్చు.

జ్వరం తగ్గింది, భయం తగ్గలేదు. బడికి తెస్తే గేటు దగ్గరే ఆగిపోయేది. నేల చూసుకుంటూ మడమల మీద నడిచేది. వరండా ఎక్కేది కాదు, కడిగిన సిమెంటు కింద అక్షరాలు దాక్కుని ఉంటాయన్నట్టు. గళ్లాట మానేశాను. అక్షరాలు చెక్కముక్కల మీద రాసి చేతికిచ్చాను. చేతులు చంకల్లో దాచుకుంది. నోరు మళ్లీ మూసుకుంది. చివరికి వాళ్ల నాన్న బస్టాపులో కలిసి, పిల్ల ఒక ఏడాది ఇంట్లోనే ఉండనీ, తర్వాత చూస్తామన్నాడు. ఆ ఏడాది ఎలాంటిదో నాకు తెలుసు. ఆడపిల్ల ఇంట్లో నిలిస్తే ముందు తమ్ముణ్ణి ఎత్తుకుంటుంది, తర్వాత బీన్సు కోస్తుంది, తర్వాత ఎవరూ ఏమీ చూడరు. అక్షరమంటే అంత హడలిన పిల్ల తనంతట తాను ఇక ఎప్పటికీ బడి మెట్టెక్కదు.

ఇంటికి వెళ్లాను. అవ్వ వాకిట్లో గోనెపట్టా మీద బీన్సు ఏరుతోంది. పిల్ల తలుపు చాటున నిలబడింది. ఆ పిల్లకు నా మీద భయం లేదని, భయమంతా అక్షరాల మీదేనని, నేనెంత చెప్పినా నమ్మదని అన్నాను. మీరు చెబితేనే నమ్ముతుంది అవ్వా అన్నాను. ఆమె ఏరుతూనే ఉంది. తాను నమ్మనిది మనవరాలికి ఎట్లా చెప్పేదని మెల్లగా అడిగింది. లేచి పోదామనుకున్నాను.

అప్పుడు తలుపు చాటు నుంచి ఆ పిల్ల అడిగింది.

"టీచర్, తప్పు సదివినా జరం వస్తాదా?"

అవ్వ చెయ్యి బీన్సులో ఆగిపోయింది. ఆ ప్రశ్న ఇద్దరికీ ఒకేసారి తగిలింది. తొక్కితే జ్వరం, తప్పు పలికితే జ్వరం, దిద్దుతుంటే వేలు పక్కకు పోయినా జ్వరం. ఆ పసిదాని లెక్కలో అక్షరం దగ్గరికి పోయే దారే లేదు.

అవ్వ లేచి గూట్లోంచి ముగ్గుపిండి డబ్బా తెచ్చి నాకిచ్చింది. దానికి బాగా వచ్చే అక్షరం ఒకటి వాకిట్లో రాయమంది. నేను వ రాశాను. గీత వంకర పోయింది. అవ్వ ఆ అక్షరం ముందు నిలబడి రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. తర్వాత కుడికాలు ఎత్తి సరిగ్గా అక్షరం మీద పెట్టింది. ఆ పాదం వణకడం నేను చూశాను.

"చూడు. నేను తొక్కినాను," అంది మనవరాలితో. "రేపు పొద్దున నా నొసలు పట్టుకుని చూడు. జరం రాకుంటే బడికి పోవాల."

పిల్ల తలుపు చాటు నుంచి వచ్చి అవ్వ పాదం వైపే చూస్తూ నిలబడింది.

నన్ను వీధి మలుపు దాకా సాగనంపుతూ అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "పాపమైతే నాకే తగలనీమ్మా. నేను బతికేది బతికేసినాను. దానికి సదువు రానీ," అంది. ఆమె నమ్మకం ఇసుమంతైనా కదలలేదని అప్పుడు తెలిసింది. పాపమని నమ్మే కాలు పెట్టింది.

మర్నాడు బస్సులో నేను పడ్డ భయం చెప్పలేను. ముసలి ప్రాణం, ఆ చలి, ఊళ్లో జ్వరాలు. ఒక్క తుమ్ము తుమ్మినా చాలు, ఆ పిల్ల ఇక చేజారిపోయినట్టే. ముసలామె ఒళ్లు వెచ్చబడకుండా చూడమని దారంతా ఆ సరస్వతికే మొక్కుకున్నాను.

బస్సు దిగేసరికి వాళ్లు వస్తున్నారు. అవ్వ దుప్పటి కప్పుకుని, చేతులు లోపల దాచుకుని నడుస్తోంది. పిల్ల ఆమె కొంగు పట్టుకుంది. గేటు దగ్గర అవ్వ వంగింది. పిల్ల అరచెయ్యి ఆమె నుదుటి మీద పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. "సల్లగా ఉండాది టీచర్," అంది. చెప్పి వరండా ఎక్కింది. ముందు బొటనవేలు ఆనించి, తర్వాత పాదమంతా మోపి, లోపలికి పోయింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. దుప్పటి లోపల ఉన్న అవ్వ చెయ్యి అందుకున్నాను. కాలిపోతోంది. అప్పుడు చూశాను, ముందు వెంట్రుకలు తడిసి నుదుటికి అంటుకున్నాయి. ఆ చలిలో కొళాయి కింద తల పెట్టి వచ్చింది.

"దానికి చెప్పొద్దమ్మా," అంది.

అటుపక్క బస్టాపులో కొడుకు సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. అవ్వ ఊత్తంగరైలో కూతురింటికి పోతోందట. పెళ్లికి పోతున్నానని మనవరాలికి చెప్పిందట. జ్వరం తగ్గేదాకా పిల్ల కంట పడకూడదని ఆమె ఆలోచన. నెల తిరక్కుండా కోలుకుని వచ్చింది గానీ, ఆ పొద్దు నాకు అది తెలియదు కదా. పోవద్దని, హోసూరు ఆసుపత్రిలో చూపించుకోమని బతిమాలాను. దారిలో చూపించుకుంటాలే అంది.

నేనొచ్చిన బస్సు తళి దాకా పోయి తిరిగొచ్చి ఆగింది. కొడుకు ముందు ఎక్కి సీటు పట్టాడు. అవ్వ మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. బడిలోంచి ఒక గొంతు వినిపిస్తోంది. "త, ల, తల. వ, ల, వల." మధ్యలో ఒకటి తప్పింది. ఆగింది. మళ్లీ సరిగ్గా పలికింది.

"అదేనా?" అని అడిగింది అవ్వ.

అదేనన్నాను. కండక్టరు తొందరపెట్టాడు. ఆమె చలికి వణుకుతూ, ఇంకో మాట వినేదాకా మెట్టు దిగనూ లేదు, పైకి ఎక్కనూ లేదు.