రెండు రింగులు

మా చిన్నప్పుడు... సాయంత్రం ఐదున్నర దాటిందంటే ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడేవాళ్లం కాదు. కిటికీలో పెట్టిన ఫోన్ వైపే అందరి చెవులూ...

మాది కోనసీమలో ఏటిగట్టు పక్కనున్న చిన్న ఊరు. నాన్న రేవులో ఇంజను పడవ నడుపుతారు. పొద్దున్నే చుట్టూ ఏరున్న అవతలి లంక నుంచి బడిపిల్లల్ని, పాలవాళ్లని, అరటిగెలల్ని తేవడం, సాయంత్రం మళ్లీ అందరినీ దింపి రావడం... అదే ఆయన పని.

ఆఖరి ట్రిప్పు దింపేసి లంక నుంచి బయల్దేరేటప్పుడు ఇంటికి రింగ్ ఇచ్చేవారు. రెండు రింగులు మోగి ఆగిపోతే బయల్దేరినట్టు. అప్పుడు ఎత్తకూడదు. అమ్మ బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టేది. అన్నం వార్చేసరికి నాన్న గుమ్మంలో కాళ్లు కడుక్కుంటూ ఉండేవారు.

ఆగకుండా మోగుతూనే ఉంటే మాత్రం... ఏదో అయిందని. అప్పుడు ఎత్తాలి. మేం తిరిగి చేయకూడదన్నది ఇంకో నియమం. నడి ఏట్లో ఆయన చెయ్యి చుక్కాని మీద ఉంటుంది కదా...

నా చిన్నతనం మొత్తంలో అది ఒక్కసారే అలా మోగింది. ఇంజను ఆగిపోయింది. అమ్మ ఎత్తడం, రేవుకి పరుగెత్తడం, సత్యం బాబాయి తన పడవ వేసుకెళ్లి తాడు కట్టి లాక్కురావడం... అంతా అరగంటలో అయిపోయింది. ఆ రాత్రి మేం మామూలుగానే అన్నం తిన్నాం.

నాన్న ఫోన్ నల్లటి కీప్యాడ్‌ది. కడిగి ఆరబెట్టిన పాల కవరులో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి చొక్కా జేబులో పెట్టుకునేవారు. బయటకు తీయడం నేనెప్పుడూ చూడలేదు. ఐదు అంకె మీద చిన్న బుడిపె ఉంటుంది చూడండి... జేబులోనే బొటనవేలితో దాన్ని వెతుక్కుని, ఒక బొత్తాం పైకి వెళ్లి, రెండుని నొక్కి పట్టుకునేవారు. ఇంట్లో ఫోన్ మోగేది. వానలోనూ మోగేది, చేతికి గ్రీజు ఉన్నా మోగేది.

నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది ఆయనకి టచ్ ఫోన్ కొన్నాను. నా ఫోటో కూడా నేనే పెట్టిచ్చాను... నేను చేస్తే తెర నిండా నేనే కనిపించాలని.

నాన్న నాలుగు రోజులు చూసి, మెల్లిగా అన్నారు. "తడి చేతులకి ఇది పలకట్లేదు బుజ్జీ."

"అలవాటైపోతుంది నాన్నా. ఇంకా ఆ ఇటుకముక్క ఏంటి?" అన్నాను. పాతదాన్ని తీసుకెళ్లి బీరువాలో పడేశాను. నాకన్నీ తెలుసని నా ధీమా.

మూడేళ్ల కిందటి మాట. వరద రోజులు. ఎగువన గేట్లు ఎత్తారన్నారు, ఏరు ఎర్రబడింది. రేపటి నుంచి పడవ కట్టేస్తానని చెప్పి, ఆ ఆదివారం చర్చికి వచ్చిన లంకవాళ్లని దింపడానికి నాన్న వెళ్లారు. నేను సెలవు మీద ఇంట్లోనే ఉన్నాను. మధ్యాహ్నం నుంచే మబ్బు కమ్ముకుని, నాలుగింటికే దీపాలు వేసుకున్నాం. ఐదున్నరకి వాన మొదలైంది.

ఆరు కావస్తుండగా ఫోన్ మోగింది. ఒకటి... రెండు... ఆగిపోయింది.

"హమ్మయ్య, మీ నాన్న బయల్దేరారే" అంది అమ్మ. బియ్యం కడిగింది. నేను టీవీ పెట్టుకున్నాను. అంత నిశ్చింతగా టీవీ ఎలా చూశానా అని ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అన్నం వార్చింది. నాన్న రాలేదు. గంజి చల్లారింది. రాలేదు.

నియమం తప్పి నేనే ఫోన్ చేశాను. పూర్తిగా మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. "చెయ్యకే... చుక్కాని వదిలేస్తారు" అంది అమ్మ. మూడోసారీ చేశాను.

రేవుకి వెళ్తే పై మూడు మెట్లే కనిపిస్తున్నాయి. సత్యం బాబాయి పడవని ఇంకో తాడుతో కడుతున్నాడు.

"అన్నయ్య ఎప్పుడు బయల్దేరాడు వదినా?"

"గంట పైనే అయింది. రెండు రింగులు ఇచ్చారు."

బాబాయి అవతలి ఒడ్డు వైపు చూడలేదు... ఏరు పోయే దిక్కుకి చూశాడు. కట్టిన తాడు విప్పడం మొదలుపెట్టాడు. అమ్మ మెట్టు మీద కూలబడి "ప్రభువా... ప్రభువా..." అంటూనే ఉంది.

నాన్న దొరికారు. చాలా దిగువన, ఒక లంక అంచున, పడవ కొట్టుకుపోకుండా రెల్లు దుబ్బులు పట్టుకుని. రెండు అరచేతులూ కోసుకుపోయి ఉన్నాయి. ఇంటికి వచ్చాక మంచం మీద కూర్చుని చెప్పారు.

"బయల్దేరేటప్పుడు రింగ్ ఇద్దామంటే తడి చేతికి పలకలేదు. నడి ఏట్లో ఇంజను ఆగిపోయింది బుజ్జీ. ఆగకుండా మోగిద్దామనే చేశాను. రెండు మోగాయో లేదో, చినుకులు పడి కట్టయిపోయింది. మళ్లీ ముట్టుకుంటే ఏవేవో తెరుచుకున్నాయి. నువ్వు చేసినప్పుడల్లా నీ బొమ్మ కనపడతానే ఉంది... ఎత్తుదామంటే వేలు జారిపోయింది."

నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తర్వాత ఆ ఫోన్ తెరిస్తే, చినుకులు తగిలి దానంతటదే తీసిన ఫోటోలు ఏడు ఉన్నాయి. ఏడింటిలోనూ ఎర్రనీరే.

మర్నాడే బీరువాలోంచి పాతదాన్ని తీశాను. ఇప్పుడు మళ్లీ అదే ఆయన జేబులో ఉంది, పాల కవరుతో సహా. ఈ ఏడాదీ ఏరు ఎర్రబడుతోంది. "ఇంకో రెండ్రోజులు తిప్పి కట్టేస్తాను" అంటున్నారు నాన్న.

మీ ఇళ్లలో కూడా ఇలాంటి రింగుల లెక్క ఏదైనా ఉండేదా? ఎన్ని మోగితే ఏమని... ఉంటే చెప్పండి, చదవాలనుంది. మా ఇంట్లో ఆ లెక్క ఇంకా ఉంది. సాయంత్రం అయ్యేసరికి రెండు రింగులు మోగుతాయి, ఆగిపోతాయి. కానీ అమ్మ ఇప్పుడు బియ్యం కడగదు... గొడుగు తీసుకుని రేవుకి నడుస్తుంది.