మిల్లు కాలువ నీళ్ళు

మొన్న గుంటూరు నుంచి చీరాల పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉంటే, ఒక నూలు మిల్లు గోడ మీద "చుక్క నీరు కూడా బయటకు వదలని పరిశ్రమ" అని పచ్చటి అక్షరాలు కనిపించాయి. చదివినవాళ్ళకు ముచ్చటేస్తుందేమో గాని, నాకు మాత్రం సిగ్గేసి చూపు తిప్పుకున్నాను.

ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్ళలో నా పని మిల్లులు, ఫ్యాక్టరీలు తిరిగి, వాళ్ళు గాలినీ నీటినీ పాడుచేయకుండా చూసుకుంటున్నారో లేదో తనిఖీ చేసి దిద్దుబాట్లు సూచించడం. ఆ ఉద్యోగమేమిటో ఇంట్లో చెప్పి ఒప్పించేసరికి తలప్రాణం తోకకొచ్చేది. మా పిన్ని మాత్రం ఏమీ అడగకుండానే మావాడు పెద్ద ఆఫీసరని ఊరంతా చాటింపు వేసింది. మొన్న బస్సులోంచి చూసిన ఆ మిల్లుకు దిగువనే పిన్ని వాళ్ళ ఊరు. మిల్లులో యంత్రాల గదులను చల్లబరచిన నీళ్ళు కాలువలో వృథాగా పోతున్నాయని, వాటిని మళ్ళీ లోపలే వాడుకోమని నేను రాశాను. మిల్లువాళ్ళు అలాగే చేశారు, నాకు పైనుంచి మెప్పూ వచ్చింది. ఆ కాలువ ఎక్కడిదాకా పోతుందో నడిచి చూడాలని తోచలేదు, ఎండ కూడా గట్టిగా ఉంది.

మరుసటి తనిఖీకి వెళ్ళినప్పుడు ఎప్పటిలాగే పిన్ని ఇంట్లో భోజనానికి కూర్చున్నాను. గోంగూర పచ్చడి కలుపుకుంటుండగా పక్క పొలం పెద్దాయన గుమ్మంలోకి వచ్చి, "ఏమయ్యా, కాలవ నీళ్ళు ఆపించింది నువ్వేనంట గదా! కాపు మీదున్న తోటలు ఎండిపోయినయ్, ఇప్పుడేం చెయ్యమంటావ్?" అని నిలదీశాడు. ఆ నీళ్ళను ఇంజనుతో తోడుకుని ఆయనా, పిన్నీ, ఇంకొందరూ మిరప పండిస్తున్నారని నాకు అప్పుడు తెలిసింది. నేను నోరు తెరవకముందే పిన్ని అడ్డొచ్చింది.

"వాడేం చేస్తాడు బావగారూ, వాడిది చిన్న ఉద్యోగం. పైవాళ్ళు చెప్పింది రాయాలి గదా."

అది అబద్ధమని ఆమెకూ తెలుసు. తన తోట కూడా ఎండిందన్న మాట ఎత్తకుండా నా కంచంలో ఇంకాస్త నెయ్యి వేసింది. కాదు, నేనే రాశానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సిగ్గుతో ముద్ద దిగలేదని రాస్తే బాగుంటుంది గాని, దిగింది. ఆ సాయంత్రం కాస్త నీళ్ళు వదలమని మిల్లువాళ్ళను అడిగితే, మీరు రాసిందే కదండీ అని నవ్వారు.

ఇప్పుడు పద్ధతులు మారాయి. తనిఖీకి వెళ్ళే కుర్రవాళ్ళు చుట్టుపక్కల రైతులను కూడా అడిగి తెలుసుకుని రాయాలట, మంచిదే. ఆ కాలువ కింద మాత్రం అడుగుదామన్నా రైతన్నవాడు లేడు. పిన్నితో సహా అందరూ ఆ భూములు మిల్లుకే అమ్ముకున్నారు.