గాడి అంచున గీసిన గీత

కొండలను నిలబెట్టి, వాటి చాటున దాక్కున్న మనిషిని కూడా చూసే దేవునికి స్తోత్రం. నోరు విప్పని నన్ను ఇంతకాలం భరించిన ఆయన ఓర్పుకు మహిమ.

పదహారేళ్లుగా ఒక తప్పు మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

అరకులో మా క్రైస్తవ సంఘం సోలార్ లాంతర్లు తయారుచేసే షెడ్డు నడిపేది. లాంతరు లోపలి సర్క్యూట్ బోర్డులను కంప్యూటర్‌లో గీసే పని నాది. చిన్న బోర్డులను విడివిడిగా చేయించరు. ఒకే పెద్ద పలక మీద పక్కపక్కన పేర్చి, మధ్యలో గాడి పెట్టిస్తారు. దాన్ని ప్యానెల్ అంటాం. తర్వాత గాడి వెంట విరిస్తే బోర్డులు విడిపోతాయి. విరిచే పని పెదబయలు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయిది. ఆమె పేరు రాయను. "ఆరాధనలో పాస్టరయ్యగారు రొట్టె ఇరిసినట్టు ఇరిసేత్తన్నాను, సూడండి" అని నవ్వేది.

ఒకసారి లాంతరు బోర్డును, ఛార్జింగు బోర్డును ఒకే ప్యానెల్‌లో ఇమిడ్చాను. ఇంకో వరుస బోర్డులు పట్టించాలని, కరెంటు పారే రాగి గీతలను గాడి అంచుదాకా జరిపాను. ఎందుకు? పట్టదన్నారు కనక. పట్టించి చూపించాలన్న గర్వం, అంతే.

లాంతర్లు ఊళ్లకు వెళ్లాక ఒక్కొక్కటే ఆరిపోయాయి. విప్పితే, అంచున రాగి గీత చిట్లి ఉంది.

"దానివి కట్టెలిరిసే సేతులు. బోర్డులిత్తే ఇంకేటవుద్ది?" అన్నాడు షెడ్డు పెద్ద. అందరూ నవ్వారు. నేను వెళ్లి నా డ్రాయింగు తెరిచి చూశాను. ఎంత సుతారంగా విరిచినా ఆ గీత చిట్లాల్సిందే.

ఆమె నా దగ్గరికి వచ్చింది.

"గీసినోడివి నువ్వు, నువ్వు సెప్పు అన్నయ్యా. నా సేతుల్లోనే ఉందేటి తప్పు?"

"కొంచెం నెమ్మదిగా విరవాల్సిందమ్మా."

"నెమ్మదిగానే ఇరిసినాను." చేతులు తిప్పి చూసుకుంది. "నువ్వన్నావంటే అంతే అయుంటాది."

నమ్మింది. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు ఆమెను పనిలోంచి పంపేశారు. అదే రోజు నేను ఒక వరుస తీసేసి, గీతలను లోపలికి జరిపి, కొత్త ప్యానెల్ డ్రాయింగును సీడీలో విశాఖలో బోర్డులు చేసేవాళ్లకు పంపాను. వరుస ఎందుకు తగ్గిందని ఎవరూ అడగలేదు. ఈసారి ఒక్క బోర్డూ చిట్లలేదు. "సూసినారా, ఆ గుంట ఎల్లిపోయాక ఒక్కటీ పోనేదు" అన్నారు. నా దిద్దుబాటే ఆమె తప్పుకు రుజువైపోయింది.

తర్వాతి ఆదివారం ఆరాధనలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడి, పని చక్కబడినందుకు దేవునికి కృతజ్ఞతలు చెప్పాను. సంఘమంతా ఆమెన్ అంది. తప్పు దాచడం ఒకటి, దాన్నే స్తుతిగా మార్చి ప్రభువు ముందు పెట్టడానికి ఏ పేరుంది? నెమ్మదిగా విరవమనడం అబద్ధమెలా అవుతుందని, పిల్లలకు ఆజ్ఞలు నేర్పుతూనే, ఎన్నేళ్లు నన్ను నేను ఒప్పించుకున్నాను?

మొన్న సంతలో ఆమె కనిపించింది. పలకరించింది.

"మా గుంట పది పాసైనాది అన్నయ్యా. ఐటీఐలో సేరతానంటే వద్దన్నాను. మా ఇంటి సేతులు అలాటి పనికి రావు కదా."

నేను తలూపాను. అవును, మళ్లీ.

తప్పు నా గీతది. ఆమె చేతులది కాదు. ఇదిగో, రాసేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది. అంతకంటే ఏమీ రాలేదు, రావాలని అడిగే హక్కూ లేదు. నాకు క్షమాపణ దొరకాలని కాదు, ఐటీఐలో చేరికలు ముగియకముందే ఆ తల్లీకూతుళ్ల ముందు నిలబడి ఈ మాట పలికే ధైర్యం కోసం, మీరూ నాతోపాటు ప్రార్థించండి.