అడుగులు చదివే అయ్యవారు

మా డ్రిల్లు అయ్యవారికి ఫుట్‌బాల్ ఆడటం రాదు. చెప్తే ఎవరూ నమ్మరు. నేను ఆయన దగ్గర నాలుగేళ్లు ఆడినాను. ఆయన బంతిని కాలితో తన్నడం ఒక్కసారి కూడా చూడలేదు. బంతి దొర్లుకుంటూ ఆయన వైపు పోతే వంగి చేత్తో తీసుకుని, పంచె కొంగుతో దుమ్ము తుడిచి మా చేతికిచ్చేవాడు. అయినా నేను చూసినవాళ్లలో ఆట నేర్పడం ఎవరికొచ్చని అడిగితే ఆయనకే అంటాను. ఇంకొకరి మాట చెప్తే నా కళ్లు పోతాయి.

మధ్యాహ్నం అన్నం తిని కాస్త నడుం వాలిస్తే ఇప్పటికీ ఆ మైదానమే కళ్లలోకి వస్తుంది. మార్కాపురంలో మిషన్ బడి. తెల్లదొరల కాలం. సాయంత్రం గంట కొట్టినాక ఎండ పసుపురంగుకు తిరిగి, లేచిన దుమ్ము కిందికి దిగకుండా గాల్లోనే నిలిచిపోయేది. ఆ దుమ్ములో ఎవరి ముఖమూ కనపడదు, కాళ్లు మాత్రం కనపడతాయి. కలలో కూడా నాకు కాళ్లే కనపడతాయి. ఏ కాలు ఎవరిదో చెప్పగలను. ముఖాలు చాలావరకు మర్చిపోయినాను.

అయ్యవారు రాచర్ల దిక్కు గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టినాడు. చిన్నప్పుడు తప్పిపోయిన మేకలను అడుగుల జాడ పట్టుకుని వెతికేవాడంట. ఆ విద్యనే బడిలోకి తెచ్చినాడు. ఆట అయిపోతే మేము మైదానం మీదుగా పోకూడదు, అంచుల వెంట బయటికి పోవాల. అందరం పోయినాక ఆయన పంచె మోకాళ్ల పైకి చెక్కుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, మైదానమంతా ఆ చివర నుంచి ఈ చివరిదాకా మెల్లగా తిరిగేవాడు. దుమ్ములో మా అడుగులు చదివేవాడు. మడమ లోతుగా దిగితే వాడు ఆగినట్టు, వేళ్లు లోతుగా దిగితే ఉరికినట్టు. మా పదకొండు మంది కాళ్లూ ఆయనకు కంఠతా వచ్చు.

మరుసటి రోజు పలక తీసేవాడు. మా ఊరు పలకలకు పెట్టింది పేరు, కాబట్టి దానికి కొదవ లేదు. పలక మీద చింతగింజలు పేర్చి, ఒక్కొక్కరినీ పిలిచి నిన్నటి ఆట చూపించేవాడు. "ఇది నువ్వు. ఇక్కడ నిలబడి నోరు తెరుచుకుని బంతిని చూస్తా ఉన్నావు. బంతి ఉన్నోడిని గుడ్డోడు కూడా చూస్తాడు. బంతి లేనోడిని చూడాలరా" అనేవాడు. వారం రోజులు బంతి లేకుండానే ఆడించినాడు ఒకసారి. ఊళ్లోవాళ్లు గోడ మీద కూర్చుని, బడిలో పిల్లోళ్లకు పిచ్చెక్కిందని నవ్వినారు.

ఇంకో రోజు మాకు వీపు పెట్టి ముక్కాలిపీట మీద కూర్చుని, చప్పుడు విని చెప్పేవాడు. "ఆ దెబ్బ బొటనవేలిది. గోరు ఊడుతుంది. కాలి లోపక్కతో కొట్టు." మాకు బూట్లెక్కడివి. ఆయన వద్దన్నా వినకుండా బొటనవేలితోనే కొట్టి, గోరు ఊడినాక కుంటుకుంటూ పోయి ఆయన ముందు నిలబడేవాళ్లం. ఒక్క మాట అనకుండా పసుపూ ఆముదమూ పూసి కట్టు కట్టేవాడు. పొద్దున ఎవడు తినకుండా వచ్చినాడో కూడా ఆయనకు పరుగులోనే తెలిసేది. వాడిని బోర్డింగు వంటింటికి పంపి, కడుపులో ఇంత పడినాకే ఆడనిచ్చేవాడు. ఇప్పుడు మెడలో విజిలేసుకుని గొంతు పోయేదాకా అరిచేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అయితే ఆయనకు కూడా మొదట్లో కొరుకుడు పడనిది ఒకటుంది. మన కాలు ఇంకొకరికి తగిలితే ఏం చేస్తాం? వంగి వాళ్లను తాకి, ఆ చెయ్యి కళ్లకద్దుకుంటాం. అమ్మ పాలతో వచ్చిన అలవాటది. ఆదివారం చర్చికి పోయే మాకూ అంతే, కొండ దేవుళ్లకు మొక్కేవాళ్లకూ అంతే. ఫుట్‌బాల్‌లో కాలు తగలకుండా ఎట్ల? మొదటి పందెం గిద్దలూరు పిల్లలతో ఆడినాం. కాలు తగలడం, ఇద్దరూ ఆగిపోవడం, వంగడం, కళ్లకద్దుకోవడం. రెండు జట్లూ ఒకరికొకరు దండాలు పెట్టుకుంటుంటే బంతి ఒక్కటే దాని దారిన అది పోయేది. బడి నడిపే దొర మొదట నవ్వినాడు, తర్వాత కోప్పడినాడు. ఇకమీదట అట్ల చేస్తే బెత్తం దెబ్బలన్నాడు. మేము సరేనన్నాం. కానీ చెయ్యి మా మాట వినదే, కాలు తగలంగానే అదే పోయేది.

అయ్యవారు తిట్టలేదు, కొట్టలేదు. నాలుగు రోజులు ఆలోచించినాడు. అయిదో రోజు, "అలవాటును తిడితే పోదు. దానికి ఇంకో చోటు చూపించాల" అని, ఆటకు ముందే మమ్మల్ని వరసగా నిలబెట్టి, ఎదుటి జట్టులో ప్రతి ఒక్కడి కాళ్లూ తాకి కళ్లకద్దుకోమన్నాడు. వాళ్లతో మాకూ అట్లనే పెట్టించినాడు. "ఈరోజు తగిలేదానికంతా ఇదే దండం. ఇంక ఆటలో వంగితే ఊరుకోను" అన్నాడు. మేం దానికి అడ్వాన్సు దండమని పేరు పెట్టుకున్నాం. ఆ రోజు నుంచి మా చేతులు ఊరుకున్నాయి. అప్పు ముందే తీర్చేసినట్టు మనసు తేలికయింది. ఇదేందని దొర అడిగితే, "షేక్‌హ్యాండు లాంటిది దొరా, మా దిక్కు కొంచెం వంగి ఇస్తాం" అన్నాడంట.

నా సంగతి చెప్పాల. నాయన నా ఆరో ఏట పోయినాడు. అమ్మ పలకల గనిలో కూలికి పోయేది. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద మా అన్న. చదువు మానేసి కంభం దగ్గర రైలు పట్టాల గ్యాంగులో చేరినాడు. ఇల్లంతా ఆయన రెక్కల మీదే నడిచింది. నన్ను బడిలో ఉంచింది కూడా ఆయనే. ఎస్సెల్సీ అయిపోతే నేనూ గనిలోకే, రాళ్లు చీల్చడానికే. అది నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఆఖరి ఏడాది దొర ఒక మాట చెప్పినాడు. బడి పిల్లల్లో ఒకరిని మద్రాసులో డ్రిల్లు ట్రైనింగుకు పంపుతారంట. తిరిగొస్తే మిషన్ బళ్లలో ఉద్యోగం. ఎవరిని పంపాలో అయ్యవారు తేల్చాల. ఆయన, "కంభం పందెం అయినాక చెప్తా" అన్నాడు. మా జట్టులో గోలు కాసేవాడి పేరూ నా పేరూ అందరి నోళ్లలో నానుతున్నాయి. నాకు నిద్ర పట్టేది కాదు. కళ్లు మూస్తే ఒక పక్క సముద్రం, ఒక పక్క గని. సముద్రం నేను చూసింది లేదు. కంభం చెరువునే పెద్దది చేసి ఊహించుకునేవాడిని.

కంభంలో మేము ఆడాల్సింది స్టేషన్ దగ్గరి రైలోళ్ల జట్టుతో. ఆ జట్టులో గోలు ముందు నిలబడే బ్యాకు మా అన్నే.

అడ్వాన్సు దండాలప్పుడు అన్న కాళ్లు తాకినాను. పట్టాల మధ్య కంకర మీద నడిచి నడిచి మడమలు మందంగా, పగుళ్లు పగుళ్లుగా ఉన్నాయి. ఆయన నా తల మీద చెయ్యేసి, "నువ్వు తమ్ముడివని పోనిస్తాననుకోబాకు. ఈరోజు నీ తోలు వలుస్తా" అన్నాడు. ఊరికే అన్లేదు. మొదటి సగంలో మా వాళ్లు ఒక్కరూ ఆయన్ను దాటలేదు. ఆయన ఉరకడు, కంగారు పడడు. వచ్చేవాడు ఎటు పోతాడో ముందే అక్కడికి పోయి నిలబడి ఉంటాడు. ఎవరూ నేర్పింది కాదు. చూస్తుంటే నాకు ఆట మీద ధ్యాస పోయి, అట్లనే చూస్తా ఉండాలనిపించింది.

హాఫ్‌టైంలో అందరూ నీళ్లు తాగుతుంటే అయ్యవారు మైదానంలోకి పోయి తిరిగొచ్చినాడు. నన్ను పక్కకు పిలిచినాడు.

"కుడి పక్కంతా నీ అడుగులే. మీ అన్న ఉన్న దిక్కు ఒక్క అడుగు లేదు. ఏంది కత? దండం పెట్టినావు కదా."

"దండం గురించి కాదు అయ్యవారూ. రేపు పొద్దున్నే ఆయన పట్టాల మీదికి పోవాల. కాలికి ఏమైనా అయితే ఇల్లు గడవదు."

ఆయన మా అన్న దిక్కు చూసినాడు. "ఆ భయం మీ అన్నకు ఉండాల. ఆయనకు లేదు, చూస్తానే ఉన్నా కదా. నువ్వు ఆ పక్క పోకపోతే ఆయన్ని అవమానించినట్టు. పో" అన్నాడు.

పోయినాను. మొదటిసారి బంతి నా కాళ్లలో నుంచి తీసుకుపోయినాడు, నాకు తెలియను కూడా తెలియలేదు. రెండోసారీ అంతే. పైగా నవ్వినాడు. నాకు కోపం, ముచ్చట, రెండూ వచ్చినాయి. చెరువు మీది నుంచి చల్లగాలి మొదలయింది. ఇంకొంచెంలో ఆట అయిపోతుంది, ఒక్క గోలూ పడలేదు. అప్పుడు మూడోసారి బంతి నా దగ్గరికి వచ్చింది.

ఆ కొద్దిసేపు నాకు ఎన్నిసార్లు కలలోకి వచ్చిందో లెక్క లేదు. కలలో అది చాలాసేపు జరుగుతుంది. నేను ఎడమకు తిరుగుతాను. తిరుగుతానని అన్నకు ముందే తెలుసు. ఆయన కాలు అక్కడ సిద్ధంగా ఉంటుంది. బంతి ఆ కాలికి తగలాల. తగలదు. ఆ కాలు జానెడు వెనక్కి పోతుంది. మెల్లగా, నిద్రపోయే పిల్లోడి పక్క నుంచి లేచినట్టు పోతుంది. నేను చూసినాను. చూసి కూడా కొట్టినాను.

గోలు పడింది. మా వాళ్లు నన్ను భుజాల మీదికెత్తుకున్నారు. పైనుంచి చూస్తే అన్న నడుం మీద చేతులు పెట్టుకుని చెరువు కట్ట దిక్కు చూస్తా ఉన్నాడు. ఆయన గ్యాంగువాళ్లు చుట్టూ చేరి నానా మాటలంటున్నారు. తమ్ముడి కోసం జట్టును ముంచినావు కదరా అన్నారు.

సాయంత్రం బండి కోసం స్టేషన్లో కూర్చున్నాం. అయ్యవారు నన్ను తన బల్ల మీదికి పిలిచినాడు. పలక ఒళ్లో పెట్టుకున్నాడు, చింతగింజలు మాత్రం తీయలేదు.

"గోలు ఎట్ల పడింది?"

"అన్నను మోసం చేసి ఎడమకు తిరిగినాను అయ్యవారూ."

ఆయన తల ఊపినాడు. బాగుందని అన్లేదు, బాగలేదని అన్లేదు. ఎదురుగా పట్టాల మీద వెలుతురు తగ్గిపోతా ఉంది. ఇంకో మాట మాట్లాడకపోతే మద్రాసు నాదే. మాట్లాడితే నేను కొట్టిన గోలు నాది కాకుండా పోతుంది, దాంతోపాటు ఉద్యోగమూ పోతుంది, అన్న పరువూ పోతుంది. బండి కూత దూరంగా వినపడినాక నోరు తెరిచినాను.

"ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు."

"ఎప్పుడు చూసినావు?"

"కొట్టకముందే."

"చూసీ కొట్టినావు."

"కొట్టినాను."

అయ్యవారు పలకను సంచిలో పెట్టుకున్నాడు. "ఆటగాడు మీ అన్న. నువ్వు కాదు. నీ అంత ఆట ఆడేవాళ్లు తాలూకాకు పదిమంది ఉంటారు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. "కానీ దొరకు కావాల్సింది ఆటగాడు కాదు, ఆట చెప్పేవాడు. వాడు ఎదుటోడి కాలు చూడాల. చూసింది చూసినట్టు చెప్పాల, తనకు నష్టమొచ్చినా సరే. నువ్వు చెప్పేదానికి బండి వచ్చేంత సేపు పట్టింది. అది మద్రాసులో కొంచెం తగ్గిస్తారులే." ఆ మాటతో లేచి బండెక్కినాడు.

మరి మా అన్ననే ఎందుకు పంపకూడదని నేను అడగలేదు. ఆయనకు చదువు లేదు, బడి పిల్లోడు కాదు, అడిగినా అయ్యేది కాదు. అయినా అడిగి ఉండాల్సింది.

ఆదివారం దొర ఇచ్చిన మద్రాసు ట్రైనింగు కాగితం తీసుకుని కంభం పోయినాను. అన్న ఇంటి ముందు నులకమంచం బిగిస్తున్నాడు. కాగితం చదివి వినిపించినాను. మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివినాను.

"కాలు ఎందుకు తీసినావన్నా?"

"ఎవురు తీసింది? నీకు ఆట వచ్చింది, దాటినావు. అంతే" అని నులక గట్టిగా లాగినాడు. కాసేపయినాక, "అక్కడ ఏం నేర్పుతారంట?" అని అడిగినాడు.

"ఆట ఎట్ల నేర్పాలో నేర్పుతారు."

"అయితే వచ్చినాక నాకూ నేర్పురా" అని నవ్వినాడు.

మద్రాసు పోయినాను, సముద్రం చూసినాను, తిరిగొచ్చినాను. ఆ పందెం తర్వాత రైలోళ్లు మా అన్నను జట్టులోకి రానివ్వలేదని అప్పుడు తెలిసింది. నేను వచ్చిన వారానికి ఒక సాయంత్రం కొత్త బంతి తీసుకుని ఆయన దగ్గరికి పోయి, "రా అన్నా, ఆడుకుందాం" అన్నాను. బంతిని చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసినాడు. కుట్టు బాగుందన్నాడు. "పొద్దున్నే డ్యూటీ ఉంది, ఇంకో రోజు చూద్దాంలే" అని నా చేతికిచ్చినాడు.

ముప్పై ఏళ్లు ఊరూరా పిల్లోళ్లకు ఆట నేర్పినాను. నా అంత చూపున్న డ్రిల్లు మాస్టరు లేడని అనిపించుకున్నాను. మా అన్నను మాత్రం, సిగ్గేసి, రెండోసారి పిలవలేదు.