ప్లగ్ పీకినా ఆగని ట్రాన్స్‌ఫార్మర్

దయ్యాల మాటెత్తితే నవ్వి ఊరుకునేవాణ్ణి. ధర్మవరంలో పదిహేనేళ్లుగా బోరు మోటార్లకు వైండింగ్ కడుతున్నాను. కరెంటుతో పనిచేసేవాడికి అలాంటి భయాలుంటే పొద్దు గడవదు.

పోయిన వేసవిలో పుట్టపర్తి నుంచి ఒక లాడ్జి యజమాని పాత పిన్‌బాల్ మిషన్ తెచ్చి, బాగుచేయమన్నాడు. స్టీలు గుండును మీటి లైట్ల మధ్య ఎగరేసే ఆట పెట్టె అది. లోపల ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి ఉంది. తాడిపత్రిలో పాత ఇనుప సామాన్ల కొట్టులో సరిపోయేది ఒకటి దొరికింది.

వాడిన సరుకును పరీక్షించకుండా బిగించను. తెచ్చిన నాలుగో రోజు మధ్యాహ్నం దాన్ని బల్ల మీద పెట్టి, మధ్యలో ఒక బల్బు కలిపి కరెంటు ఇచ్చాను. లోపల షార్టుంటే బల్బు నిండుగా వెలగాలి. వెలగలేదు. సన్నగా రొద మొదలైంది. మీటరు ఇరవై నాలుగు వోల్టులు చూపించింది. మంచి సరుకే అనుకున్నాను. వేడెక్కుతుందేమో చూద్దామని అలాగే వదిలేసి, మిషన్ వైర్లు విప్పుతూ కూర్చున్నాను.

చాలాసేపటికి నా భార్య పద్మ అన్నం క్యారియర్ తెచ్చింది. గడపలోనే నిలబడిపోయింది.

"అదేంటికి మోగుతాండాది? కరెంటు పోయి గంటయింది కదా."

తలెత్తి చూశాను. ఫ్యాను తిరగడం లేదు. నా చొక్కా తడిసి ముద్దయి ఉంది. మా వీధిలో అన్నీ చేతిమగ్గాలే, కరెంటు పోయినా చప్పుడు ఆగదు. అందుకే నాకు తెలియలేదు. మా దగ్గర ఇన్వర్టరు లేదు. మీటరు మాత్రం ఇరవై నాలుగు దగ్గరే ఉంది.

ప్లగ్ పీకేశాను. రొద ఆగలేదు. ఇంకాస్త పెరిగింది.

ఏం చేస్తున్నానో తెలియకుండానే ప్లగ్ పిన్నుల మీదికి వేలు పోనిచ్చాను. పద్మ నా భుజం పట్టి వెనక్కి లాగింది.

"ముట్టొద్దు."

టెస్టరు పెట్టాను. ఎర్రగా వెలిగింది. స్క్రూడ్రైవర్‌తో రెండు పిన్నులనూ కలిపాను. ఫట్‌మని నిప్పు లేచి, దాని కొన కరిగింది. అప్పుడు ఆగింది రొద.

మర్నాడే దాన్ని సంచిలో పెట్టుకుని తాడిపత్రి బస్సెక్కాను. కొట్టాయన ఎందుకు వాపసు తెచ్చావని అడగలేదు. నా మొహం కూడా చూడలేదు. దాన్ని రెండు చేతులా బయటికి తీసి, దాంతోనే మాట్లాడాడు.

"ఈ తూరి ఐదు దినాలుంటివే."

ఇలా వెనక్కి రావడం దానికి మొదటిసారి కాదన్నమాట. ఏమిటిదని అడిగాను. తనకూ తెలియదని చెప్పి లోపలికి తీసుకుపోయాడు.

పిన్‌బాల్ మిషన్‌కు నేనే కొత్తది చుట్టి బిగించాను. బాగానే ఆడుతోంది. తోటి మెకానిక్కులు నా మీటరు చెడిపోయి ఉంటుందన్నారు. కరిగిన కొన చూపిస్తే, చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. ప్లగ్ నా చేతిలో ఉండగా అది దేంతో మోగిందో ఇప్పటికీ చెప్పలేను.