చేతికివ్వని చాకు

గోనెసంచి విప్పగానే కొబ్బరినూనె, ఇనుము కలిసిన వాసన ముక్కుకు తగులుతుంది. చాకులన్నీ నూనెగుడ్డతో తుడిచి మూటకట్టి పెడతాను కదా, తీసేసరికి ఆ వాసన సంచిలో మగ్గి ఉంటుంది. మీకైతే అది ఉత్త ఇనుప వాసన. నాకు ఎస్తేరక్క వాసన. ఆమె చీరకొంగుకు, చేతులకు, ఆఖరికి ఆమె బైబిలు అట్టకు కూడా ఇదే వాసన. మీరు ఆమెను చూడలేదు. పొట్టి మనిషి. గొంతు మాత్రం బొగ్గుబావి షిఫ్టు సైరనే. గోదావరిఖని బజారులో ఆదివారం చర్చి అయిపోగానే, తెల్లచీర మీదనే వచ్చి కూర్చుని మడతచాకులు అమ్మేది. నాకు అక్షరాలు రావు, ఇది నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. కానీ చాకుల సంగతి మాత్రం ఎవరినీ అడగక్కర్లేకుండా చెబుతాను. అది ఎస్తేరక్క పెట్టిన భిక్ష.

మా ఆయన బొగ్గుబావిలో పనిచేసి, ఛాతీ జబ్బుతో పని మానేసి, కొన్నాళ్లకు పోయాడు. కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చింది. ఊరి నుంచి మా అన్న వచ్చి తన ఇంటికి రమ్మన్నాడు. అన్న మంచివాడే. కానీ ఆ ఇంట్లో నేను ఎక్కడ కూర్చోవాలో కూడా ఒకరిని అడగాలి. ఆ బతుకు నాకు వద్దు. వెనక వీధిలో ఉండే ఎస్తేరక్క ఇది విని ఒకరోజు గుమ్మంలో నిలబడింది. ఆమె భర్త బావి ఆఫీసులో గుమాస్తాగా చేసి అంతకుముందే పోయాడు.

“మీ అన్న ఇంటికి పోతవా, నా సంచి మోస్తవా?” అంది.

“సంచి మోస్త అక్కా.”

“జీతం గీతం అడుగకు. నా మోకాళ్లు పనిచేస్తలేవు. పని నేర్చుకుంటె నీది, లేకుంటె నీ ఖర్మ.”

ఆకుపచ్చ రెగ్జిను మీద మూడు వరుసలు పరిచేవాళ్లం. మొదటిది కొమ్ము వరుస. గోదావరి అవతల ఒక కమ్మరి లారీ చక్రాల మీది కమాన్ పట్టీలు సాగగొట్టి చేసేవాడు, పిడికి బర్రెకొమ్ము. తుప్పు పడుతుంది, కానీ రెండుసార్లు రాతి మీద రాస్తే వెంట్రుకను తెంపుతుంది. చెమట చేతికి జారదు. రెండోది కర్ర వరుస, ఉత్తరాది నుంచి డబ్బాల్లో వచ్చేది. ఇత్తడి మేకులు, వెడల్పు బ్లేడు, చేతికి మెత్తన. నీళ్లలో నానితే మాత్రం పిడి ఉబ్బి మేకులు వదులవుతాయి. మూడోది స్టీలు వరుస. తళతళలాడుతుంది, తుప్పు ఎరగదు, పదును మాత్రం ఎక్కువ రోజులు నిలవదు. కుర్రవాళ్ల చూపు ముందు దాని మీదనే పడుతుంది.

ఎవరు అడిగినా ఎస్తేరక్క చాకును చేతికిచ్చేది కాదు. రెగ్జిను మీద పెట్టేది, వాళ్లే తీసుకోవాలి. మాలో ఆ పట్టింపు ఉంది, కత్తి చేతికిస్తే తగవు వస్తుందని. కానీ ఈమెకు కూడానా అని అడిగాను.

“చర్చికి పోయేటోళ్లకు గూడ గీ భయం ఉంటదా అక్కా?”

“తగవు భయం నాకేంది. కింద పెడితె వాని చెయ్యి కనవడుతది. ఎట్ల లేపుతడు, ఏ వేలుతోని తెరుస్తడు, గోరు ఉన్నదా విరిగిందా. వాడు నోటితోని అడిగేది ఒకటి, చెయ్యి అడిగేది ఇంకోటి.”

ఆ రోజు నుంచి నేను మనుషుల ముఖాలు చూడటం మానేశాను. ఒకసారి బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ కుర్రవాడొకడు స్టీలు చాకు తీసి, తెరిచి, మూసి, జేబులో పెట్టి, మళ్లీ తీసి అద్దంలా ముఖం చూసుకున్నాడు. ఎస్తేరక్క, “తీస్కపో బిడ్డా, నీకు కోసే పని లేదు, చూసుకునే పనే ఉన్నది,” అంది. వాడు సిగ్గుపడుతూనే కొన్నాడు. అదే చాకును మేకలు కాసే ముసలాయన అడిగితే మాత్రం లాక్కుని వెనక్కి పెట్టి కొమ్ముపిడిది ముందుకు జరిపింది. “ఇది మెరుస్తలేదు గదనే,” అన్నాడాయన. “నీ మేకలు గూడ మెరుస్తలేవు,” అంది.

రాష్ట్రం కోసం సమ్మెలు నడుస్తున్న రోజుల్లో ఆమె మోకాళ్లు పూర్తిగా మొరాయించాయి. మందమర్రిలో ఉన్న కూతురు వచ్చేయమంది. మరి ఆ జాగాలో ఎవరు కూర్చోవాలి? స్టీలు చాకులు తెచ్చిచ్చే ఏజెంటు తన మనిషిని పెడతానని, ఆ ఒక్క వరుసే అమ్మిస్తానని వెంటపడ్డాడు. నేను ఉండబట్టలేక అడిగేశాను.

“నేను కూసుంట అక్కా.”

“వరుసలు తెలిసినయ్ నీకు. మనిషి తెలుస్తడో లేదో ఇంక చూడలే,” అంది, మొహమాటం లేకుండా. ఆమె కాదంటే నాకు మిగిలేది అన్న ఇల్లే.

ఆ మధ్యాహ్నమే కాసిపేట నుంచి ఒకామె వచ్చింది. భర్త బావిలో రిటైరవుతున్నాడట, మేకలు పెంచుకుంటాడట, మంచి చాకు కావాలంది.

“మనిషిని తోలుకరా,” అంది ఎస్తేరక్క. ఆమె పద్ధతి అదే. చెయ్యి చూడకుండా చాకు లేదు.

“ఆయనే అస్తే నేనెందుకు అస్త? కొత్తది కొనుమంటె పాతదే నూరుకుంట కూసుంటడు.”

ఎస్తేరక్క తల అడ్డంగా ఊపింది. కాసిపేట ఆమె లేవబోయింది. నేను ఆమెను ఆపి అడిగాను.

“అక్కా, మీ ఆయన అంగీ గుండీలు ఎవలు పెడుతరు?”

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “మెడకాడి గుండీ నేనే పెడుత. బొటనవేలు వంగదు. బాయిల నలిగింది. ఎవలకు చెప్పనియ్యడు.”

“రొట్టె ఎట్ల తుంచుతడు?”

ఆమె గాలిలోనే రొట్టె పట్టుకుంది. చూపుడువేలు, నడిమివేలు మధ్య ఇరికించి లాగింది. ఆమె చేతిలో ఆ మనిషి చెయ్యి నాకు స్పష్టంగా కనిపించింది. మా ఆయన కూడా చివరి రోజుల్లో కంచం ముందు అలాగే తంటాలు పడ్డాడు. ఆ తంటా పక్కన కూర్చున్న భార్యకే తెలుస్తుంది. కొమ్ము చాకుకూ స్టీలు చాకుకూ బ్లేడు పిడిలోకి మునిగి ఉంటుంది, గాడిలో బొటనవేలి గోరు పెట్టి తెరవాలి. కర్ర వరుసలో ఒక రకానికి మాత్రం వెడల్పు బ్లేడు పిడి దాటి బయటికి ఉంటుంది, రెండు వేళ్లతో పట్టి లాగొచ్చు. దాన్ని కింద పెట్టాను. “నీళ్లల్ల నాననియ్యొద్దని చెప్పు,” అన్నాను. ఆమె కొనుక్కుని పోయింది.

ఎస్తేరక్క ఆ రోజే ఏజెంటుకు వచ్చే ఆదివారం రమ్మని కబురు పెట్టింది.

ఆ ఆదివారం ఏజెంటు వచ్చి నిలబడే ఉన్నాడు, కాసిపేట మనిషి భార్యతో సహా దిగాడు. చాకు తీసి రెగ్జిను మీద పెట్టాడు. తిరిగిచ్చేయడానికే వచ్చాడనుకున్నాను.

“ఇది ఇచ్చింది ఎవలు?”

“నేనే బావా.”

“నా చెయ్యి నువ్వెప్పుడు చూసినవ్?”

“మీ ఇంటామె చూపెట్టింది.”

ఆయన భార్య వైపు తిరిగాడు. “బజార్ల నా సంగతంత చెప్పచ్చినవా?”

“గుండీ ముచ్చటొక్కటే చెప్పిన,” అందామె. చుట్టూ నవ్వులు. ఆయన చాకు ఎత్తి, రెండు వేళ్లతో తెరిచి, మూసి, మళ్లీ జేబులో వేసుకున్నాడు. “ఇసొంటిదే ఇంకోటియ్యి, మా తమ్మునికి,” అన్నాడు. వెంటనే, “వాని చెయ్యి మంచిగనే ఉన్నది,” అని అందరికీ వినపడేలా చెప్పాడు.

ఎస్తేరక్క ఏజెంటు వైపు చూసింది. “జాగ ఖాళీ లేదు కాకా.” పీట మీది నుంచి లేచి నన్ను కూర్చోబెట్టింది. “ఇంటామెను అడగాలెనని నాకు ఏనాడు తోచలే పిల్లా,” అంది.

రాష్ట్రం వచ్చిన ఏడు మందమర్రి నుంచి ఫోను చేసింది. “నాకో చాకు తేవే. ఒక్క జామపండు కోసియ్యమంటె వీళ్లు పొద్దుగూకిస్తున్నరు.” వరుసకొకటి చొప్పున తీసుకువెళ్లి మంచం మీద దుప్పటిపై పెట్టాను. ఆమె కొమ్ముపిడిది ఎత్తింది. పిడి వేళ్లలో నిలవలేదు. గోరు గాడిని వెతికింది, జారింది, మళ్లీ వెతికింది. నేను ముఖం చూడలేదు. చేతినే చూశాను. నేను చూస్తున్నానని ఆమెకూ తెలుసు.

“చెప్పు, ఏ వరుస?”

“ఏ వరుస గాదక్కా. నీకు చాకు వద్దు. పండ్లు నేనచ్చి కోస్త.”

ఎస్తేరక్క చాకును దుప్పటి మీద పెట్టి నా వైపు జరిపింది. “మంచి బేరం పోగొట్టుకున్నవ్ పిల్లా,” అని నవ్వింది. ఆమె ఉన్నన్నాళ్లూ వారానికోసారి వెళ్లి కోసిచ్చాను.

చాకు ఎవరికి ఏది పనికొస్తుందో ఆమె నేర్పింది. ఎవరికి వద్దో చెప్పే గుండె ఆ మంచం పక్కన వచ్చింది. మొన్న ఒక పెద్దాయన కొమ్ముపిడిదే కావాలని పట్టుబట్టాడు. వేళ్లు నిలవడం లేదు. “నీకు వద్దు కాకా, మీ కోడలును తోలు,” అన్నాను. అమ్ముకునేదానికి ఇంత పొగరా అని తిట్టి పోయాడు. తిట్టనీ. ఆ మాట చెప్పాల్సింది ఆ పీట మీద కూర్చున్న మనిషే, ఆ కూర్చున్నది నేనే.