పైడమ్మ పిన్ని ఒప్పుకోని గీత

ఇవాళ పొద్దున బియ్యం కడుగుతుంటే వీధిలో టోటో రిక్షా మీద మైకు గరగరమంది. ముందు బెంగాలీలో, తర్వాత హిందీలో ఒకటే మాట. వార్డుల హద్దులు మళ్ళీ మారుస్తున్నారట, ముసాయిదా పటం ఆఫీసు గోడకి అంటించారట, అభ్యంతరాలున్నవాళ్ళు గడువులోగా రాసివ్వాలట. గిన్నె నిండి నీళ్ళు పొర్లిపోతున్నా కుళాయి కట్టేయడం మరిచిపోయాను. మైకు మలుపు తిరిగి వెళ్ళిపోయాక కూడా అలాగే నిలబడ్డాను. ఇలాంటి గరగరే పదేళ్ళ కిందట ఒకసారి విన్నాను. అప్పుడు నా పక్కన పైడమ్మ పిన్ని ఉంది. ఆవిడ పోయి రెండేళ్ళయింది.

నేను శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళయి ఈ బెంగాలీల రైల్వే ఊళ్ళో నిమ్‌పురా పేటకి వచ్చినదాన్ని. మా ఆయన రైలింజన్ల షెడ్డులో పని చేస్తారు. మాది ఎదురెదురుగా రెండు వరసల రైల్వే క్వార్టర్ల వీధి. దాదాపు అందరూ మన తెలుగువాళ్ళే. వీధి చివర పెద్ద మురుగు కాలువ, దాని అవతల రేకుల ఇళ్ళ బస్తీ. అక్కడివాళ్ళు ఒడియా, హిందీ మాట్లాడతారు, ఊడ్చే పనులు, మోసే పనులు చేసుకుంటారు. పడమటి వరసలో మా పక్క ఇల్లు పైడమ్మ పిన్నిది. భర్త సర్వీసులో ఉండగా పోతే ఆయన ఉద్యోగం ఈవిడకిచ్చారు. వర్క్‌షాపులో ఖలాసీగా చేరి ఫిట్టరయింది. నాకు డిగ్రీ ఉంది, నలుగురిలో నోరు పెగలదు. ఆవిడకి ఐదో తరగతి చదువు, నాలుగు భాషల్లో ఎవరితోనైనా పోట్లాడగలదు. ఆ రోజుల్లో నేను మా వార్డులో అంగన్‌వాడీ ఉద్యోగానికి పెట్టుకున్నాను. ఇంటర్వ్యూ అయిపోయింది. పేరు వచ్చేలా ఉందని ఎవరో చెప్పారు కూడా. ఆ వార్డులో ఉండేవాళ్ళకే ఆ ఉద్యోగం.

పటం అంటించారని తెలిసి ఇద్దరం ఆఫీసుకి వెళ్ళాం. గోడ ముందు పెద్ద గుంపు. నేను తోసుకుంటూ వెళ్ళి చూశాను గానీ ఎక్కడ ఏముందో అంతుపట్టలేదు. పిన్ని మెడ పక్కకి వాల్చి కాసేపు చూసి, ఒక గీత మీద గోరు పెట్టింది. "ఇదుగో యార్డు. ఇది కాలవ. అయితే ఇది మన ఈది" అంది. "డ్రాయింగులు సూసి పన్జేసినోల్లకి ఇదేటి కట్టం? ఇటు సూడు, గీత మన ఈది మద్దెలోంచి ఎల్తంది." తూర్పు వరస పాత వార్డులోనే ఉంది. మా వరస రైల్వే యార్డు అవతలి వార్డులో పడింది. ఓటుకైనా, ఏ సర్టిఫికెట్టుకైనా ఇకమీద పట్టాలన్నీ చుట్టి వంతెన ఎక్కి దిగి పోవాలి. నాకు మాత్రం అవేవీ కనిపించలేదు. నా ఉద్యోగం పోయిందన్నదొక్కటే కనిపించింది. అక్కడే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. "ఏడవకు. రాయడం నీకొచ్చు, తిరగడం నాకొచ్చు" అంది పిన్ని.

వారం రోజులు ఆవిడ డ్యూటీ దిగి మొహం కడుక్కుని, అలాగే బయల్దేరేది. నేను అర్జీ పట్టుకుని వెనక నడిచేదాన్ని. మా వరసవాళ్ళు వెంటనే సంతకాలు పెట్టారు. తూర్పు వరసలో గణపతి అన్న అడ్డం తిరిగాడు. వీధి పూజలకీ పంచాయితీలకీ ఆయనే పెద్ద. "మా ఇల్లు కదల్లేదు కదా, మాకేటి?" అన్నాడు. పిన్ని గుమ్మంలోనే కూర్చుంది. "నీ తమ్ముడిల్లు ఎదటేకదా గణపతీ. రేపు ఈ ఈదికి దీపం కావాలన్నా, కాలవ తియ్యాలన్నా నువ్వొక కౌన్సిలర్ని అడగాల, ఆడొకడిని అడగాల. ఆలిద్దరూ 'నాది కాదు' అంటే?" అంది. ఆయన లోపలికెళ్ళి కళ్ళజోడు తెచ్చుకుని సంతకం చేశాడు. వీధిలో ఒక్క ఇల్లు కూడా మిగల్లేదు. ఆ కాగితాలు చూసుకుంటే నాకే గర్వంగా ఉండేది.

విచారణ మధ్యాహ్నం. చిన్న గది, పెద్ద ఉక్క. పిన్ని, నేను బల్ల ముందు కూర్చున్నాం. వెనక గణపతి అన్న, మరో నలుగురు మగవాళ్ళు నిలబడ్డారు. కుర్ర ఆఫీసరు మా అర్జీ ఓపికగా చదివాడు. తర్వాత బెంగాలీలో అన్నాడు: "దీదీ, మీరు చెప్పింది నిజమే. వీధిని కలిపి ఉంచొచ్చు. కానీ రెండు వార్డుల్లోనూ జనం సరిసమానంగా రావాలి. ఇక్కడ కలిపితే ఇంకోచోట తీయాలి." పెన్సిలు తీసి కాలువ వెంబడి మెల్లగా గీత గీశాడు. "హద్దు ఇక్కడి దాకా. బస్తీ అవతలి వార్డుకి పోతుంది. వాళ్ళ దగ్గర్నుంచి అభ్యంతరమేదీ రాలేదు. అర్జీ మీ పేరు మీద ఉంది, మీరు సమ్మతమని రాసిస్తే ఇవాళే పైకి పంపుతాను."

అంటే నా ఉద్యోగం నాకు దక్కుతుంది. వెనక నుంచి గణపతి అన్న "ఠీక్ హై సార్" అన్నాడు. నేను కలం మూత తీశాను.

"ఆగండి" అంది పిన్ని. ఆఫీసరు వైపు తిరిగి, "ఈ సంగతి బస్తీవాళ్ళకి తెలుసా బాబూ?" అని బెంగాలీలో అడిగింది. ముసాయిదా పటంలో వాళ్ళ జోలికి ఎవరూ పోలేదు కాబట్టి వాళ్ళు అభ్యంతరం చెప్పే ప్రశ్నే రాలేదనీ, గడువు అయిపోయిందనీ అతను చెప్పాడు. ఆవిడ పెన్సిలు గీతను చాలాసేపు చూసింది. తర్వాత నాతో, "సుగుణా, రాయమ్మా. మా ఈది కలపమన్నాం గానీ బస్తీని తీసీమన్లేదు. ఈ గీత మాకొద్దని రాయి" అంది.

గణపతి అన్న ముందుకొచ్చాడు. "నీకు మతి పోనాదా? అందరి సంతకాలూ అట్టుకొచ్చి ఇదేటి?"

"మనకి రైల్వే నీల్లున్నాయి, రైల్వే ఆసుపత్రుంది. ఆలకున్నది ఒక్క కుళాయి. అది పాడైతే ఈ కౌన్సిలరింటి మీదకెల్లి కూకుంటారు, బాగు సేయిస్తారు. యార్డు అవతలోడు ఆల మొకం సూస్తాడా?"

"అది నువ్వెలా తేల్చీగలవు? నీకెవులిచ్చినారు ఆ అదికారం?"

"ఎవులూ ఇవ్వనేదు" అంది పిన్ని. "మరి ఆలని తోసీడానికి మనకెవులిచ్చినారు?" మళ్ళీ నా వైపు తిరిగింది. "నీ ఉజ్జోగం సంగతి మరిసిపోనేదమ్మా. రాస్తావా?"

నేను రాయలేదు. "మనకెందుకు పిన్నీ" అన్నాను. ఆవిడ నా వేళ్ళ మధ్య నుంచి కలం తీసుకుని, అర్జీ కిందున్న ఖాళీలో తెలుగులో రెండు లైన్లు రాసి సంతకం పెట్టింది. ఆఫీసరు ఆ మాటలు బెంగాలీలో చెప్పించుకుని రాసుకున్నాడు.

తుది పటంలో మా వీధి రెండు ముక్కలైంది. అంగన్‌వాడీ ఉద్యోగం ఇంకో వీధి ఆవిడకి వెళ్ళింది. ఆ ఏడు మా వీధి అమ్మవారి పూజకి పిన్ని ఎప్పటిలాగే పులిహోర చేసి తెచ్చింది. ఎవరూ ముట్టుకోలేదు. నేనూ ముట్టుకోలేదు. ఆవిడ కాసేపు నిలబడి, గిన్నె మీద మళ్ళీ పళ్ళెం మూసి ఇంటికి పట్టుకెళ్ళిపోయింది. ఆ వేసవిలో బస్తీ కుళాయి నిజంగానే పాడైంది. ఆడవాళ్ళు బిందెలతో కౌన్సిలరింటి ముందు కూర్చుంటే మూడో రోజుకి నీళ్ళొచ్చాయి. వాళ్ళ కోసం ఒకావిడ తన వీధినే పోగొట్టుకుందని వాళ్ళకి తెలియదు. చెప్పాలని నాకూ తోచలేదు. నా కోపం నాకే సరిపోయింది.

రిటైరయ్యాక ఆవిడ క్వార్టరు ఖాళీ చేసి తాల్‌బగీచా పేటలో కూతురి దగ్గరికి మారిపోయింది. సామాను ఎక్కిస్తుంటే కిటికీలోంచి చూశాను గానీ బయటికి రాలేదు. ఏడాది తర్వాత గానీ వెళ్ళడానికి మనసొప్పలేదు. బాగా చిక్కిపోయింది. నన్ను చూసి నవ్వి, మంచం మీద పక్కకి జరిగి చోటిచ్చింది.

"కోపం పోనాదేటి?"

"పూర్తిగా పోలేదు పిన్నీ."

"ఉండనీ. ఉండాల్సిందే." తర్వాత తనే అంది: "బస్తీ సంగతిలో నాను తప్పు సేయనేదు. నీ సంగతిలో సేసినాను. నిన్నడగకుండా నీ బతుకు మీద గీత గీసినాను. ఇంకో దారుందేమోనని రోజూ ఎతుకుతాను. దొరకదు." నేను ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. కోపం పోయిందో, ఇంకేదైనా అయిందో నాకిప్పటికీ తెలియదు.

ఇప్పుడు ఇందా అనే పేటలో ఒక చిన్న బడిలో పాఠాలు చెబుతున్నాను. మొన్న బడి వేళలు మారుద్దామని మాస్టర్లందరం కూర్చున్నాం. అందరికీ అనుకూలంగానే ఉంది. పొద్దున్నే ఇళ్ళల్లో పనికి పోయే తల్లుల్ని అడిగారా అని లేచి నిలబడి అన్నాను. హెడ్మాస్టరు విసుక్కున్నారు, పక్కావిడ గడియారం చూసుకుంది. అయినా నేను కూర్చోలేదు. ఇలాంటప్పుడల్లా నాకు ఒళ్ళంతా చెమటలు పడతాయి. అలవాటైతే భయం పోతుందనుకున్నాను, పోలేదు. ఆ రోజు విచారణకి వచ్చినవాళ్ళందరూ పైడమ్మకి భయమంటే తెలియదనే చెప్పుకుంటారు. వాళ్ళు వెనక నిలబడ్డారు, వాళ్ళకి ఆవిడ వీపే కనిపించింది. పక్కన కూర్చున్నది నేను. ఆ రెండు లైన్లు రాస్తున్నంతసేపూ ఆవిడ చెయ్యి వణుకుతూనే ఉంది. రెండో చేత్తో మణికట్టు గట్టిగా పట్టుకుని, రాయడం పూర్తి చేసింది.